పదునైదు నిమిషముల మోక్షము

దినమునకు పదునైదు నిమిషములు చాలునట. తెల్లవారక మునుపే లేచి పాలు కాచి, పిల్లలకు డబ్బాలు కట్టి, వారిని బడి బస్సెక్కించి, కార్యాలయమున ఎనిమిది గంటలు ఊడిగము చేసి, సిటీ బస్సులోనో షేరాటోలోనో నలిగి ఇల్లు చేరి, వంట ముగించి, అత్తమామలకు మందులిచ్చి, మరునాటి ఇడ్లీపిండి రుబ్బి మూత పెట్టిన పిమ్మట మిగిలెడి ఆ పదునైదు నిమిషములలో గృహిణి యైనది మిశ్రమ మాధ్యమ కళను అభ్యసించి, చిత్తశాంతిని బడసి, ముఖవర్చస్సును పెంపొందించుకొని, అదృష్టము కలిసివచ్చినచో ఆ చిత్రములనమ్మి నాలుగు రూకలు గూడ వెనకేసుకొనవచ్చునని మన పత్రికల ఆదివారపు అనుబంధములును, స్త్రీల శీర్షికలును, ప్రేరణోపన్యాసకులును ఏకకంఠముగ ఘోషించుచున్నారు. పూర్వపు మహర్షులు అడవులకు పోయి, గడ్డములు పెంచి, ఒడలిపై పుట్టలు మొలిపించుకొని సంపాదించిన తపఃఫలమును ఈ నవీన మహర్షులు ఇడ్లీపిండి పులియులోపల ఇప్పింపగలరు. పుట్టలో కూర్చున్న ఋషిని మాత్రము ఎవరును వచ్చి తమ సాక్సు ఎక్కడ నున్నదని అడిగినట్లు పురాణములలో కానరాదు.

ఇట్టి వ్యాసములకు తోడుగా అచ్చు వేసెడి ఛాయాచిత్రమును పాఠకులు చూడకపోరు. వెలుతురు ధారాళముగ పడు కిటికీ. దాని కెదురుగ విశాలమైన తెల్లని బల్ల. బల్లపై గాజుసీసాలలో పరిమాణక్రమమున నిలిచిన కుంచెలు. వాని వెనుక నలగని చేనేతచీర గట్టిన యువతి. ఆమె చెక్కిలిపై ఒకే యొక నీలిరంగు చుక్క. ఆ చుక్కను పెట్టుటకై వేరొకరిని జీతమునకు కుదుర్చుకొనిరేమో యని నా యనుమానము. ప్రక్కనే నాలుగేండ్ల బిడ్డ, రెండు చేతులును శుభ్రముగ నుంచుకొని, తల్లి చేయు పనిని గౌరవపురస్సరముగ అవలోకించుచుండును. నాలుగేండ్ల బిడ్డను, మూత తీసిన రంగుసీసాను, తెల్లని బల్లను ఒకచోట చేర్చి ఆ చిత్రమును తీయగలిగిన ఛాయాగ్రాహకునకు పద్మపురస్కారము తక్షణమే యీయవలసినది. ఆ బల్ల ఎవరిదో, దానిపై అన్నము తినవలసినవారు ఆ పూట ఎచ్చటికి పోయిరో, వారికి వడ్డించినవారెవరో మాత్రము ఆ వ్యాసమున నుండదు.

కళలనేకములుండగా ఈ యుపదేశకులు మిశ్రమ మాధ్యమమునే ఏరి పట్టుకొనుటకు కారణము లేకపోలేదు. సంగీతమన్నచో గురువు కావలయును, ఇరుగుపొరుగు ఓర్చుకొనవలయును; శిల్పమన్నచో రాయి కావలయును, రాతిని మోయువారు కావలయును. ఇదియో, చిరిగిన చీరంచు, పాత శుభలేఖ, ఊడిన గుండీ, నడువని గడియారపు చక్రము, కొంచెము జిగురు, అంతియే గదా! మిగిలిపోయిన వస్తువులతో చేయు కళకు మిగిలిపోయిన కాలము చాలదా యని వారి తర్కము. తర్కము చూచుటకు ముచ్చటగనే యున్నది. జిగురు ఆరదన్న ఒక్క లోపము తప్ప.

ఆ పనిని చేతులార చేసినవారికి తెలిసిన సంగతి వేరు. పలకకు ముందుగ జెస్సో యనెడి తెల్లని పూత పూయవలయును, అది యారవలయును, దానికి అడ్డముగ రెండవ పూత పూసి, అదియు నారిన పిమ్మట గరుకుకాగితముతో రుద్దవలయును. పలుచని కాగితము జిగురుతో నతికించినచో తడికి సాగి, బుడగలెత్తి, ఆరునప్పుడు ముడుచుకొని క్రిందనున్న అట్టను వంచివేయును. ఆ వంపు తీరుటకై అట్టవెనుక గూడ ఒక కాగితమంటించి, రాత్రియంతయు బరువు క్రింద నుంచవలయును. గుడ్డ జిగురును త్రాగును. గుండీ జిగురును నమ్మదు. అక్రిలిక్ రంగుపై తైలవర్ణము నిలుచును గాని, తైలవర్ణముపై అక్రిలిక్ నిలువక కొంతకాలమునకు పెచ్చులూడును. ఇక రెజిన్ పోయువారు రెండు ద్రవములను కొలత తప్పక కలిపి పోసి, దానిపై దుమ్ముగాని, చీమగాని, తలవెంట్రుకగాని పడకుండ మూతవేసి, గట్టిపడువరకు ఒక దినమైనను కదల్పక కావలి యుండవలయును. దాని ఘాటు పిల్లలకు సోకరాదు. అనగా ఈ కళలో చేతికి పనియున్న కాలముకంటె చేయి తీసి వేచియుండు కాలమే యెక్కువ. వేచియుండుటకు కాలముతో పాటు చోటు కూడ కావలయును. ఉపదేశకులిచ్చిన పదునైదు నిమిషములలో సామాను అటకపైనుండి దింపుటకు ఆరు నిమిషములును, మరల సర్ది పైకెత్తుటకు తొమ్మిది నిమిషములును పోగా కళకు మిగిలెడిది శూన్యము. శూన్యవాదియగు నాగార్జునాచార్యుడు మన కృష్ణాతీరమున నివసించెనని ప్రతీతి గనుక, ఇదియు ఆ సంప్రదాయమునకు చెందిన కళయే యని సరిపెట్టుకొనవలసినది.

చోటు సంగతి చెప్పితిని గదా. మధ్యతరగతి ఇంటిలో అది యొక్కటే: భోజనపు బల్ల. విజయవాడలోనో హైదరాబాదులోనో రెండు పడకగదుల అపార్టుమెంటులో, పెద్దలొక గదిని, పిల్లల చదువొక గదిని ఆక్రమింపగా, టీవీకిని వంటయింటికిని నడుమ నిలిచిన ఆ నాలుగు కుర్చీల బల్లయే ఉదయము ఫలహారశాల, మధ్యాహ్నము ఇస్త్రీపీట, సాయంకాలము హోమ్‌వర్కు పాఠశాల. రాత్రి తొమ్మిదిన్నరకు కళాక్షేత్రము. అట్టి క్షేత్రమున ఒకానొక ఇల్లాలు పలకకు పూత పూసి, నాలుగు గుండీలతికించి, మిగిలిన జెస్సోను స్టీలుగిన్నెలో నుంచి మూత వేసినదనుకొందము. పది గంటలకు అత్తగారు దాహమై లేచును.

“అమ్మాయ్, మజ్జిగ ఇంత చిక్కగా ఉందేం? కాసిని నీళ్ళు పొయ్యనా?”

“అయ్యో, అది మజ్జిగ కాదత్తయ్యా! బొమ్మకి పూసేది.”

“మజ్జిగ గిన్నెలోనా?”

ఆ మూడవ వాక్యముతో ఆ యింటి కళాచరిత్రలో ప్రథమాధ్యాయము సమాప్తము. ద్వితీయాధ్యాయము మరునాటి ఉదయమున మగనిచే ప్రారంభమగును. ఆయన సహృదయుడు, కళాభిమాని, భార్య చేయు పనిని ఎన్నడును వలదని యెరుగడు. “ఆ టేబుల్ మీదిది కాస్త తీశావంటే ప్లేట్లు పెట్టుకుంటాం” అని మాత్రము సవినయముగ మనవి చేయును. తీయుట యనగా ఫ్రిజ్జునకు చేరవేసి నిలువుగ నానించుట. పూర్తిగ నారని జిగురుపైనుండి గుండీలొకటొకటిగ జారి నేలపై దొరలుటను చూచి ఆ యిల్లాలు మనస్సున ఏమనుకొనెనో మన యుపన్యాసకులు విచారింపరు. ఆమెలో కాలనిర్వహణాదక్షత కొరవడినదని తేల్చి, గళ్ళు గీసిన ఇంకొక పట్టికను పంపెదరు. పట్టికలోని గళ్ళు నింపుటకు మరి పదునైదు నిమిషములు.

తమ వాదమునకు ప్రమాణముగ వీరు పాశ్చాత్య కళాకారుల నామములను జపించుట గూడ కలదు. ఆ జపమాలలోని పూసలను కొంచెము తడవి చూతము.

కళారంభమునకు వయస్సు అడ్డుకాదనుటకు మేరీ డెలానీని చూపుదురు. సత్యమే. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఆమె డెబ్బదిరెండేండ్ల ప్రాయమున రంగుకాగితములను సన్నసన్నగ కత్తిరించి, నల్లని నేపథ్యముపై నతికించి పుష్పచిత్రములు చేయనారంభించి, చూపు మందగించునంతవరకు దాదాపు పదేండ్లపాటు శ్రమించి, వేయికి కొంచెము తక్కువగ సృజించెను. అవి నేటికిని బ్రిటిష్ మ్యూజియమున చెక్కుచెదరక యున్నవి. ఉపదేశకులు చెప్పని దేమనగా, అప్పటికామె ఇరువురు భర్తలను సాగనంపినది, సంతానము లేదు, ఏటేట నెలల తరబడి పోర్ట్‌లండ్ డచెస్ గారి భవనమున అతిథిగ నుండెడిది, డచెస్ గారి భవనమున అతిథులు అంట్లు తోమరు. ఇట్టి సౌకర్యము మన గృహిణులకును లభింపకపోదు. కొంచెము ఓపిక పట్టవలయును, అంతియే.

జర్మనీదేశపు హానోవర్ నగరమున కుర్ట్ ష్విట్టర్స్ అను నాతడు ట్రాము టిక్కెట్లను, చిరిగిన ప్రకటనలను, చెక్కముక్కలను ఏరి తెచ్చి 1919 నుండి ‘మెర్జ్’ అను పేర చిత్రములు కూర్చెను. అది చాలక 1923 ప్రాంతమున ఇంటిలోనే ఒక కట్టడమునకు పూనుకొనగా, అది స్తంభములై, గుహలై, గదినుండి గదికి వ్యాపించెను. ఆ యిల్లు ఆయన తల్లిదండ్రులది. ఆ గుహలలో నిలుపుటకై మిత్రుల ఆనవాళ్ళను సేకరించెననియు, వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో గారి పెన్సిలును, చిత్రకారుడు హాన్స్ రిఖ్టర్ తలవెంట్రుకలును వానిలో చేరినవనియు ఆ రిఖ్టరే వ్రాసియున్నాడు. ష్విట్టర్స్ వ్యాపారప్రకటనలకు రూపకల్పన చేసి జీవించినవాడు. భార్య హెల్మా, కుమారుడు ఎర్న్‌స్ట్ గలవాడు. అనగా కుటుంబము, ఉద్యోగము, కళ మూడును సమృద్ధిగ గలవాడు. ఇంత చెత్తను నట్టింట పేర్చుచు సంసారమెట్లు చక్కబెట్టుకొనుచున్నారని ఆయనను ఏ పత్రికవారైనను అడిగినట్లు నేను వినలేదు. నాజీలకు తప్పించుకొని 1937లో ఆయన నార్వేకు తరలిపోగా, ఆస్తిని, పెద్దలను చూచుకొనుటకు హెల్మా అచటనే నిలిచిపోయెను. 1943లో విమానదాడికి ఆ యిల్లును, ఆ కట్టడమును నేలమట్టమైనవి. మరుసటి యేట హెల్మా క్యాన్సరు వ్యాధితో మరణించెను. కళాచరిత్రకారులు మొదటి నష్టమును గూర్చి అధ్యాయములు వ్రాసిరి.

అదే దేశమున, బెర్లిన్ నగరమున, హానా హోఖ్ కలదు. 1916 మొదలు 1926 వరకు ఆమె ఉల్‌స్టైన్ ప్రచురణసంస్థలో వారమునకు మూడు దినములు అల్లికలకును లేసులకును నమూనాలు గీయు ఉద్యోగము చేసెను. ఆ సంస్థ అచ్చువేసిన పత్రికలలోని బొమ్మలనే కత్తిరించి, అతికించి, ఆనాటి జర్మన్ రాజకీయములను చీల్చి చెండాడిన మహాచిత్రమును 1919–20లో రచించెను. దాని సుదీర్ఘమైన శీర్షికలోనే వంటింటి కత్తి యున్నది. 1920లో డాడా కళాకారులు ప్రదర్శన యేర్పరచినప్పుడు, ప్రపంచమును తలక్రిందులు చేయబూనిన ఆ విప్లవవీరులలో గ్రోస్, హార్ట్‌ఫీల్డ్ అనువారికి ఆమె చిత్రములుండుట సమ్మతము కాలేదు. ఆమె లేనిచో తన చిత్రములను గూడ ఉపసంహరించుకొందునని ఆ బృందములోనివాడే యగు హౌస్‌మన్ అనిన పిమ్మట గాని చోటు దొరకలేదు. చాలకాలమునకు ఆ దినములను స్మరించుచు పైన చెప్పిన రిఖ్టర్ మహాశయుడు ఆమెను కొనియాడెను. దేనికనుకొంటిరి? చేతిలో డబ్బులేని ఆ రోజులలో ఎక్కడినుండియో శాండ్‌విచ్‌లును, బీరును, కాఫీని పుట్టించి అందరికి అందించినందులకు! హోఖ్ మాత్రము తక్కువది కాదు. ఆమె ఒక కథ వ్రాసినది. అందులో నాయకుడు చిత్రకారుడు. నాలుగేండ్లలో నాలుగుమారులు అంట్లు కడుగవలసివచ్చుటచే ఆ మహాత్మునకు ఘోరమైన ఆధ్యాత్మిక సంక్షోభము సంప్రాప్తించును. ఆ కథను మన యనుబంధములవారు అనువదించి వేసికొన్నచో ఒక ఆదివారమైనను సార్థకమగును.

న్యాయముగ చెప్పవలసినచో పురుషులలోను ఒకడు కలడు. న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున జోసెఫ్ కార్నెల్ పగలు వస్త్రవ్యాపారశాలలో పనిచేసి, మస్తిష్క పక్షవాతముతో కదలలేని తమ్ముని, తల్లిని పోషించుచు, వారు నిద్రించిన పిమ్మట వంటింటి బల్లపై గాజుపలక బిగించిన చెక్కపెట్టెలలో పక్షిబొమ్మలు, పటములు, గోళీలు, మద్యపు గ్లాసులు కూర్చి అద్భుతములు సృష్టించెను. అతడు వివాహము చేసికొనలేదు; దేశము విడిచి ఎక్కడికిని పోలేదు; 1965లో తమ్ముడును, మరుసటి సంవత్సరము తల్లియు గతించువరకు ఆ యింటినే అంటిపెట్టుకొని యుండి, తానును 1972లో అచటనే కన్నుమూసెను. అతని జీవితమంతయు ఆ పెట్టెలకు చెల్లించిన మూల్యము. దానిని పదునైదు నిమిషముల సూత్రమునకు ఉదాహరణముగ చూపువారి ధైర్యమును మెచ్చుకొనవలయును.

పేర్లలో వీరు పొరపాటున గూడ ఉచ్చరింపనిది మియర్లీ లేడర్‌మన్ యూకిలీస్. బిడ్డ పుట్టిన పిమ్మట ఊడ్చుట, కడుగుట, ఉతుకుట, మరల ఊడ్చుట తప్ప కళకు వ్యవధి లేకుండపోగా, ఆమె కాలపట్టిక వేసికొనలేదు. ఈ ఊడ్పే కళయని 1969లో ఒక ప్రణాళికను ప్రకటించినది. 1973లో హార్ట్‌ఫర్డ్ నగరపు కళాప్రదర్శనశాల మెట్లను, నేలను మోకాళ్ళపై కూర్చుండి తానే కడిగి, ఇదే నా ప్రదర్శన యనినది. తరువాత న్యూయార్కు పారిశుద్ధ్యశాఖలో జీతము లేని ఆస్థానకళాకారిణియై, 8,500 మంది కార్మికులతో ఒక్కొక్కరితోను కరచాలనము చేసి కృతజ్ఞత తెలిపినది. ఇంటిపనిని దాచి కళను చూపుట ఆమెకు చేతకాలేదు. మన యుపదేశమంతయు ఆ దాచుటకు సంబంధించినదే గనుక ఆమె పేరు వీరికి రుచింపదు.

ఉపదేశము వెంట ఉపకరణములు వచ్చుట లోకరీతి. ఇప్పుడీ కళ ఒక అట్టపెట్టెలో ఇంటికే వచ్చును. తెరిచి చూడగా గుండ్రని ఎమ్‌డీఎఫ్ పలక యొకటి, బొటనవ్రేలంత రంగుసీసాలు నాలుగు, రెండు కుంచెలు, ‘పురాతన వస్తువులు’ అని వ్రాసిన సంచి యొకటి. ఆ సంచిలో నిన్ననే పోతపోసి త్రుప్పురంగు పూసిన తాళపుచెవులు, ఏనాడును గంట కొట్టియెరుగని గడియారపు చక్రములు, టీనీళ్ళరంగుతో అచ్చువేసిన ‘ముసలి’ కాగితములు, ఎవ్వరును ఎవ్వరికిని వ్రాయని ప్రేమలేఖలు. అమ్మమ్మ పెట్టెలోని అసలైన జరీచీరను వీధిలో ‘పాతబట్టలకు స్టీలుసామాన్లు’ అని అరచినవానికి ఒక గిన్నెకై ధారపోసి, ఆ జరీయంచును పోలిన ముద్రితకాగితమును వెలపెట్టి కొనుట మనకే చెల్లినది. నిజమైన త్రుప్పు తాళపుచెవులు అదే అపార్టుమెంటు సెల్లారులో, మీటరుపెట్టె క్రింద, ఎవరికిని అక్కరలేక పడియున్నవి.

పెట్టెతో తృప్తిచెందనివారికి కార్యశాలలున్నవి. ఆదివారము పదిగంటలకు కాఫీహోటలు మేడపై నిరువదిమంది చేరి, మధ్యాహ్నము ఒంటిగంటకు నిరువదిమందియు ఒకే బుద్ధుని ముఖముతో, ఒకే నెమలియీకతో, పేరు వ్రాయుటకు ఖాళీ విడిచిన ఒకే ప్రశంసాపత్రముతో బయటికి వచ్చెదరు. ఇందులో ఒక చిన్నరహస్యమున్నది. ఆ పలకలన్నిటికి తెల్లని పూతను నిర్వాహకులు ముందురోజే పూయించి, ఆరబెట్టి, రుద్దించి సిద్ధముగ నుంచెదరు. అనగా జిగురు ఆరుటకు కాలము పట్టునన్న సంగతి వారికి తెలియనిది కాదు. ఆ కాలము ఎవరిదో మనకు కనబడనీయకుండుటయే వారి విద్య. ఇంటిలో ఇడ్లీ విషయమునను జరుగుచున్నది ఇదియే; కాకపోతే అచట ప్రశంసాపత్రము లేదు.

ఇక కాలపు లెక్క. దీనిని గూర్చి నేను ఊహించి చెప్పనక్కరలేదు. భారతప్రభుత్వపు జాతీయ గణాంక కార్యాలయమువారే కాలవినియోగమును సర్వే చేసి ప్రకటించిరి. ఇంటివారికై జీతము లేక చేయు గృహకృత్యములకు, ఆ పనులు చేయు స్త్రీలు 2019లో దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా, ఆ పనులే చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. అసలు చేయనివారు ఈ లెక్కలోనికి రారు. పిల్లల, వృద్ధుల సంరక్షణ వేరొక పద్దు. 2024లో మరల లెక్కింపగా స్త్రీలవి 289, పురుషులవి 88. ఐదేండ్ల నాగరికతయు, వాషింగు మెషీనులును, మిక్సీలును, ప్రేరణోపన్యాసములును కలిసి స్త్రీకి సంపాదించి పెట్టినవి పది నిమిషములు. ఆమెకు పది నిమిషముల తీరిక చిక్కినదో లేదో, మగవాడు తనకును తొమ్మిది నిమిషములు లాగికొనెను. ఈ లెక్కన స్త్రీకి చిక్కినది ఏడాదికి రెండు నిమిషములు. కావున 2019లో ఆదివారపు అనుబంధమును చదివి ఉత్తేజితురాలైన గృహిణికి ఆ పదునైదు నిమిషములు పూర్తిగ చేతికందుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును. ఏడున్నరయేండ్ల గడువు మన పంచాంగములకు క్రొత్తది గాదు. శనీశ్వరుడును అంతకాలమే పీడించి విడుచును.

ఇంతకును ఈ కళకు పుట్టిల్లు ఏది? 1912 మే నెలలో పికాసో, కుర్చీఅల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను చిత్రమునకతికించి చుట్టును త్రాడు బిగింపగా, తొలి కొలాజ్ ఉద్భవించెనని చరిత్రకారులు వ్రాసికొనిరి. ఆ వ్రాతపై 1977–78లో మిరియం షాపిరో, మెలిస్సా మేయర్ అను అమెరికా చిత్రకారిణులు కొంటెప్రశ్న వేసిరి: గుడ్డపేలికలను, ఉత్తరములను, ఛాయాచిత్రములను, ఎండుపూలను దాచి, కత్తిరించి, కుట్టి, అతికించి వస్తువులు చేసిన స్త్రీలు అంతకు ముందు ఎన్ని తరములనుండి ఉన్నారని. మన పల్లెలకు ఆ ప్రశ్న మరింత వర్తించును. చివికిన నేతచీరలను పొరలుపొరలుగ పరచి, చిరుగులపై వేరురంగు ముక్కలు వేసి, అంచునుండి అంచునకు కుట్టువేసి బొంతను తయారుచేయు ఇల్లాలు వర్ణసమ్మేళనమును ఏ విద్యాలయమున నేర్చినది కాదు. పాతకాగితములను నానబెట్టి, జిగటకై మెంతులు చేర్చి, రోట రుబ్బి, ఆ గుజ్జును వెదురుచాటలకును తట్టలకును మెత్తి, ఎండబెట్టి, రంగులద్దిన అవ్వలను చూచినవారింకను మనలో నున్నారు. చేర్యాలలో చింతగింజలపిండిని, సుద్దను, జిగురును కలిపి గుడ్డకు పూసి పటము వ్రాయు నకాషీల యిండ్లలోను, కొండపల్లిలో తెల్లపొణికి ముక్కలను చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి బొమ్మ నిలబెట్టు యిండ్లలోను ఇంటిల్లిపాదియు పనిచేయుదురు. అచట ఇల్లే కర్మశాల గనుక కర్మశాలకు చోటెక్కడ నను ప్రశ్నయే పుట్టదు.

ఈ పొగడ్తను విని పాతకాలము బంగారుకాలమని ఎవరును పొంగనక్కరలేదు. బొంత కుట్టిన యామెకు తీరిక దొరికినది బొంత కప్పుకొనుటకు పనికివచ్చును గనుక. చాటకు కాగితపుగుజ్జు మెత్తినయామెను ఎవరును అడ్డగింపనిది చాట బియ్యము చెరుగుటకు పనికివచ్చును గనుక. ఆనాడు చేతులను సాగనిచ్చి, కళయన్న పేరును నిరాకరించిరి. ఈనాడు పేరును ఉదారముగ ఇచ్చి, చేతులను పదునైదు నిమిషములకు కట్టివేసినారు. గోడకు తగిలించుట తప్ప మరెందులకును పనికిరాని ఒక వస్తువును, కేవలము తనకు తోచినదిగనుక, ఒక స్త్రీ రెండు దినములు వరుసగ కూర్చుండి చేయుటయను ఊహ మాత్రము ఆనాటివారికిని, ఈనాటివారికిని సమానముగనే మింగుడుపడదు.

అందుచేతనే ప్రశంస గూడ ఎన్నడును చిత్రమువరకు చేరదు. “ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూనే ఇవన్నీ చేసిందండీ మా ఆవిడ. ఒక్కపూట కూడా వంట ఆపలేదు!” అని మగడు అతిథులకు చూపును. “నీకు ఓపిక ఎక్కువమ్మా” అని అతిథులు పలుకుదురు. “పిల్లల చదువులేం పాడవలేదు కదా?” అని ఒక పెద్దముత్తైదువ విచారించును. కుడివైపు మూల బరువెక్కినదని గాని, ఆ యెఱుపు అనవసరమని గాని, క్రిందటి చిత్రముకంటె ఇది చప్పగనున్నదని గాని నోరు విప్పి అనువాడు ఒక్కడును లేడు. ఆ మాట యని యున్నచో ఆమె రాత్రియంతయు బాధపడి, మరునాడు మేలైన చిత్రమును చేసియుండును. ఓపికను మెచ్చుకొన్నవారి వలన ఆమెకు మరునాడు మరికొన్ని పనులు వచ్చిపడును.

పత్రికలవారి సంభాషణలును ఇట్లే యుండును. చిత్రకారిణి యెదుట కూర్చున్నంతనే తొలిప్రశ్న: “ఇల్లు, ఉద్యోగం, కళ... మూడింటినీ ఎలా బ్యాలెన్స్ చేసుకుంటున్నారు?” రెండవది: “మీవారి సహకారం ఎలా ఉంటుంది?” మూడవది: “పిల్లలకు ఏం ఇష్టం? ఏం వండుతారు?” అంతటితో పేజీ నిండును, చిత్రము క్రింద ‘కళాఖండముతో ఫలానా గారు’ అని యుండును. అదే పత్రికలో, వెనుకపేజీలో, చిత్రకారునకు ప్రేరణ ఎచ్చటినుండి వచ్చినది, శైలి ఎప్పుడు మారినది, ఏ గురువుల ఋణము తీర్చుకొనెను అను ప్రశ్నలు. ఆయనకు ఇల్లు లేనట్లును, ఆకలి వేయనట్లును, ఆయన చొక్కాలు తమంతట తామే ఉతుకుకొని మడతపెట్టుకొనునట్లును చదువరులు నమ్మవలయును. ఆయన కుంచెలను మరునాటి ఉదయమునకు కడిగి ఆరబెట్టి యుంచువారెవరో ఆ యింటిలోనివారికి తెలియును; కడిగినవారిని ఎవరును ప్రశ్నింపరు.

సంపాదకమహాశయులకు నా మనవి యొక్కటే. ఇకమీదట చిత్రకారిణిని అంట్ల సంగతి అడిగినచో, చిత్రకారుని గూడ తప్పక అడుగుడు; ఆయన సమాధానమును ఒక్క అక్షరమైనను దిద్దక అచ్చువేయుడు. పెద్దమనిషిని అట్టిది అడుగుటకు మీకు మొగమాటమైనచో, ఇరువురిని చిత్రమును గూర్చియే అడుగుడు.